మెట్టుగూడకు రాని నలభై ఇద్దరు

బుధవారం పొద్దున పెసరట్టు తిరగేస్తూ డోరా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం సాయంత్రం చర్చిలో జ్ఞానమణి టీచరుకు వీడ్కోలు సభ. రెండు ప్రసంగాలు, ఒక శాలువా, తరువాత టీ బిస్కెట్లు. శాలువాకూ టీకీ మధ్య దొరికే ఐదు నిమిషాల్లో, టీచరు కట్టిన పాట ఒకదాన్ని తన కంప్యూటరు మీద ఆవిడకు వినిపించాలి. ఇంతే పథకం. ఇంత చిన్న పనికి ఒక బస్సు బేగంపేట విమానాశ్రయం దాకా వెళ్ళి రావలసి వస్తుందని ఆ పెసరట్టుకు గానీ డోరాకు గానీ తెలిసే అవకాశం లేదు.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల వెనకనున్న ఆ చిన్న చర్చిలో జ్ఞానమణి టీచరు ముప్పై ఎనిమిదేళ్ళు పాటల బృందాన్ని నడిపారు. డోరాకు ఏడేళ్ళప్పుడు ఆవిడే స్వరం పలకడం నేర్పారు. ఎవరైనా శ్రుతి తప్పితే టీచరు తిట్టేవారు కాదు, పాట ఆపి కళ్ళజోడు తుడుచుకునేవారు. తిట్టినా బాగుండునని అందరికీ అనిపించేది. అలాంటిది, హార్మోనియం తిత్తి చిరిగిపోయిందనీ, కుర్రకారు పాడడానికి రావడంలేదనీ, వచ్చే నెలనుంచి ఆరాధనలో పాటలు సీడీ మీద వేసుకుందామనీ సంఘ కమిటీ తీర్మానించింది. టీచరు వాదించలేదు. రాజీనామా రాసి కవరులో పెట్టి ఇచ్చేశారు. కమిటీ దానికి పదవీ విరమణ అని పేరు పెట్టి శాలువా కొంది.

టీచరు దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉంది. ఇరవై ఆరేళ్ళ వయసులో ఆవిడ పరేడ్ గ్రౌండ్‌లో మిలిటరీ బ్యాండు విని ఇంటికొచ్చి, మూడు నెలలు కూర్చుని, నిండు ఆర్కెస్ట్రా కోసం ఒక స్తుతిగీతం రాసుకున్నారు. ఏ వయొలిన్ ఎక్కడ మొదలవ్వాలో, ఏ బాకా ఎక్కడ ఆగాలో అంతా అందులో ఉంది. లేనిదల్లా వాయించేవాళ్ళు. నలభై ఏళ్ళుగా ఆ పాట ఆవిడ తలలో తప్ప మరెక్కడా మోగలేదు. పోయిన నెల డోరా ఏదో నెపంతో ఆ పుస్తకం అడిగి తెచ్చుకుని జిరాక్సు తీయించి, మర్నాడే తిరిగి ఇచ్చేసింది.

వాయించేవాళ్ళు డోరా ఇంట్లో, బట్టల బీరువా పక్కన ఉన్నారు. చెన్నైలో రికార్డింగు స్టూడియోలో పనిచేసే ఆమె పిన్ని కొడుకు కొత్త సామాను కొనుక్కుని పాతది ఆమెకు పంపించాడు. పియానో మెట్లున్న పలక ఒకటి, పాత కంప్యూటరు, కొన్ని పెట్టెలు. ఆ పలకను మిడి కీబోర్డంటారు. దానికి సొంత గొంతు లేదు. ఏ మెట్టు ఎంత గట్టిగా నొక్కారో కంప్యూటరుకు చాడీ చెప్పడమే దాని పని. పాడేది కంప్యూటరు. యూరప్‌లో ఎక్కడో ఒక పెద్ద హాల్లో నలభై ఇద్దరు వాద్యకారుల్ని కూర్చోబెట్టి, ఒక్కొక్క స్వరాన్నీ మెల్లగానూ మధ్యస్తంగానూ గట్టిగానూ వాయింపించి, ఆ ధ్వనులన్నీ అందులో దాచిపెట్టారు.

మొదటి రోజు డోరా ఉత్త మెట్లు నొక్కి టీచరు పాట వాయిస్తే, ఆ నలభై ఇద్దరు ఘనులూ కలిసి రివర్సు గేరులో వెనక్కొస్తున్న మారుతీ వ్యానులా మోగారు. భర్త రిచర్డ్ కిటికీలోంచి తొంగి చూసి, తన స్కూటరు అడ్డంగా ఉందేమోనని కిందికి కూడా దిగాడు. నెల తిరిగేసరికి ఆమెకు కిటుకు దొరికింది. పలకకు ఎడమ పక్కన బొటనవేలితో తిప్పే చిన్న చక్రం ఉంది. కుడిచేత్తో స్వరం పట్టుకుని ఎడమచేత్తో ఆ చక్రాన్ని నెమ్మదిగా పైకి తోస్తే, అదే స్వరం గుసగుసగా మొదలై గుండెనిండా గాలి పీల్చుకుని పెరుగుతుంది. కిందికి దించితే నిట్టూర్చి సర్దుకుంటుంది. చక్రం కదలకపోతే ఎంత గొప్ప వయొలినైనా కాలింగ్ బెల్లే.

ఆ రోజుల్లో బేగంపేట నుంచి ప్యారడైజ్ దాకా ప్రతి రెండో మేడ మీదా ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసు ఉండేది. అమెరికా డాక్టర్లు నోటితో చెప్పిన రోగుల వివరాలు చెవుల్లో వింటూ టైపు చేయడం అక్కడి పని. మాట ఆపడానికీ, వెనక్కి తిప్పడానికీ, మళ్ళీ నడపడానికీ బల్ల కింద కాలితో నొక్కే పెడల్ ఉంటుంది. డోరా ఆరేళ్ళుగా ఆ పెడల్ తొక్కుతోంది. బుధవారం పదకొండు గంటలకు ఆమె ఒక చెవిలో డాక్టరు ఎవరిదో పిత్తాశయం గురించి గొణుగుతుండగా, రెండో చెవి దగ్గర సెల్‌ఫోను మోగింది.

చేసింది చర్చి కార్యదర్శి జకర్యా. ముప్పై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన చేతిలో పడ్డ ఏ పనీ ఏర్పాటు లేకుండా ఉండదు, ఏర్పాటు చేశాక ఆగదు. టీ కోసం మనుషుల లెక్క కావాలి ఆయనకు.

"అమ్మా డోరా, నీ ప్రోగ్రాంల ఎంతమంది ఉన్నరు?"

ప్రోగ్రాం అంటే డోరాకు ఆ నెలలో ఒకటే అర్థం, కంప్యూటర్లో ఉన్నది. ఈ పెద్దాయనకు ఇంత ఆసక్తి ఎప్పుడు పుట్టిందా అని మురిసిపోయింది.

"మొత్తం నలభై రెండు మంది సార్. పన్నెండు వయొలిన్లు ఒక పక్క, పది ఇంకో పక్క. బాకాలూ డ్రమ్ములూ అన్నీ ఉన్నాయి."

"యాడికెల్లి?"

"యూరప్ సార్. టీచరు గారి పాటే ఆదివారం వాయించేది."

"యూరప్‌కెల్లి. మన చర్చికి. నీకేం గావాలె మరి?"

"బల్ల ఒకటి, ప్లగ్ పాయింట్ ఒకటి ఉంటే చాలు సార్."

"బల్ల ఒకటి ఎట్ల సరిపోతదమ్మా? నువ్వు పరేషాన్ గాకు, అంత నేను చూస్కుంట," అని జకర్యా ఫోన్ పెట్టేశారు. డోరా పెడల్ తొక్కి పిత్తాశయం దగ్గరికి తిరిగి వెళ్ళింది. రెండు రోజులు ఆమెకు మరేమీ తెలియలేదు.

తెలిసింది శుక్రవారం సాయంత్రం, ఆనపకాయల ద్వారా. పై వాటాలో ఉండే వరహాలబాబుది బొబ్బిలి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో ఒక కమిషన్ వ్యాపారి దగ్గర పనిచేస్తాడు. ఎవరింట్లో భోజనాలున్నా కూరలు తెప్పించి, వంటవాళ్ళ నెత్తిన కూర్చుని వండించడం అతనికి ఇష్టం. ఆ సాయంత్రం మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"డోరమ్మా, ఒక మాట అడగాలి. దొరలు ఆనపకాయ తింటారంటావా? లేపోతే బంగాళాదుంపే మేలా?"

ఏ దొరలని డోరా అడిగింది. వరహాలబాబు ఆమె వైపు జాలిగా చూశాడు. నలభై రెండు మంది యూరపు వాద్యగాళ్ళు వస్తున్నారనీ, అరవై మందికి కారం లేని వంట తనకే అప్పజెప్పారనీ, జకర్యాగారు విమానాశ్రయానికి బస్సు కూడా మాట్లాడారనీ, ఇంత పని పెట్టుకుని ఇంటి పక్కనున్నవాడికి ఒక్క మాటైనా చెప్పలేదేమనీ నిష్ఠూరమాడాడు. డోరా చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి, చెప్పులు వేసుకుని, చర్చికి దాదాపు పరిగెత్తింది.

గేటుకు బ్యానరు కట్టి ఉంది. "నలభై ఇద్దరు యూరప్ కళాకారులకు స్వాగతం" అని ఎర్ర అక్షరాలు. లోపల వేదిక మీద కుర్చీలు అర్ధచంద్రంలా వేస్తున్నారు. వయొలిన్ వాయించేవాళ్ళకు మోచెయ్యి తగలకూడదని, బన్సీలాల్‌పేట టెంట్ హౌసులో చేతుల్లేని కుర్చీలు నలభై రెండు ఏరి తెచ్చానని జకర్యా గర్వంగా చెప్పారు. ఆ జాగ్రత్త చూసి డోరాకు ఏడుపొచ్చింది. అయినా చెప్పవలసిన మాట తిన్నగా చెప్పేసింది.

"సార్, మనుషులెవరూ రావట్లేదు. ఆ నలభై రెండు మందీ పెట్టెలోనే ఉన్నారు. పెట్టె మా ఇంట్లో ఉంది."

జకర్యా ఒక చెవితో బస్సు యజమాని ఫోను వింటున్నారు. మొహం విప్పారింది.

"సామాను ముందే వచ్చిందా? మంచిగయింది. లగేజీ ఒక బండికి, ప్యాసింజర్లు ఇంకో బండికి వస్తరు. గిట్లనే అయితది."

డోరా మళ్ళీ నోరు తెరిచేలోపు ఆయన బస్సు కొలతలు చెబుతూ గేటు దాటిపోయారు. స్టేషన్ మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ ఆయన రాబోయే బండిని గురించే ఆలోచించారు తప్ప, రాని బండిని గురించి ఆలోచించే అవసరం ఆయనకు పడలేదు.

ఇక మిగిలింది టీచరుకు నిజం చెప్పడం. శనివారం పొద్దున డోరా ఆ పనికే వెళ్ళింది. తలుపు తీసి ఉంది. టీచరు భోజనాల బల్ల ముందు కూర్చుని రాస్తున్నారు. వేళ్ళనిండా సిరా. బల్ల మీదా మంచం మీదా కుట్టుమిషను మీదా తెల్లకాగితాలు ఆరబెట్టి ఉన్నాయి. ఆర్కెస్ట్రాలో ఇద్దరికొక ప్రతి చొప్పున ముందు పెట్టుకుంటారని, నలభై ఇద్దరికీ ఎవరి భాగం వాళ్ళకు విడిగా, ఆవిడ మూడు రోజులుగా చేత్తో రాస్తున్నారు. తనకొకటి కలిపి ఇరవై రెండు ప్రతుల్లో పంతొమ్మిది అయిపోయాయి. బల్ల అంచున పొడుగాటి అల్లిక సూది ఒకటి ఉంది. దాన్ని ఊపుతూ అద్దం ముందు తాళం సాధన చేస్తున్నానని ఆవిడ కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు.

"జకర్యా వచ్చి చెప్పినప్పుడు నమ్మలేదు డోరా. నీకు ఈ ఆలోచన వచ్చిందంటే..." అని ఆగి, మాట మార్చడానికి ఒక కాగితం ముందుకు తోశారు. "బాకా ఊదేవాళ్ళకు ఊపిరి తీసుకోవడానికి ఇక్కడ ఒక కామా పెట్టాను. ఒకటి చాలంటావా?"

కంప్యూటరు బాకాకు ఊపిరి అక్కర్లేదు. ఏడాది పొడుగునా ఊదుతూనే ఉంటుంది. డోరా ఆ కామా వైపు చూసింది, సిరా అంటిన వేళ్ళ వైపు చూసింది. "చాలు టీచర్," అని చెప్పి, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి బయటికి వచ్చేసింది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన రిచర్డ్ గూడ్సు బండికి గార్డు. తొందరపడే అలవాటు లేదు. కథంతా విని, తెర కట్టి వెనకనుంచి ముందే చేసుకున్న రికార్డింగు వేసెయ్యమన్నాడు. దొరలు సిగ్గరులని చెప్పుకోవచ్చన్నాడు. డోరా తల అడ్డంగా ఊపింది. టీచరు ఒక పాటను ఎప్పుడూ రెండుసార్లు ఒకే నడకలో నడపలేదు. భావం వచ్చిన చోట ఆపేస్తారు, తోచినంతసేపు పట్టి ఉంచుతారు. రికార్డింగు ఆవిడ కోసం ఆగదు. ఆవిడ సూది ఒకవైపు, పాట ఒకవైపు పోతాయి. పైగా ఆవిడ రాజీనామా ఇచ్చిందే రికార్డింగు మీద కోపంతో.

"అయితే బతికున్నట్టు వాయించాలి," అన్నాడు రిచర్డ్. "నీకు రెండు చేతులే ఉన్నాయి."

ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఒక డాక్టరు మాటమాటకూ దగ్గుతున్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా డోరా కాలు దానంతటదే పెడల్ మీద ఆగి, దగ్గు పోగానే మళ్ళీ కదులుతోంది. పదిహేను నిమిషాల తరువాత ఆమె తన కాలివైపు వంగి చూసింది. కంప్యూటర్లో ఒక సదుపాయం ఉంది. తాళం మనం కొడితే, ముందే ఎక్కించిపెట్టిన స్వరాలు ఆ తాళం ప్రకారమే నడుస్తాయి, కొట్టడం ఆపితే ఉన్నచోటే నిలబడతాయి. ఇంతకాలం ఆమె దాన్ని వాడలేదు. ఇప్పుడు ఆమె దగ్గర, మనిషి ఊపిరిని అనుసరించి ఆగడానికీ కదలడానికీ ఆరేళ్ళుగా జీతమిచ్చి తర్ఫీదు చేసిన కాలు ఉంది.

ఆ పెడల్‌నే సోమవారం దాకా అడిగి ఇంటికి తెచ్చుకుంది. తాళం సరే. పాటలో వాద్యాల జట్లు తొమ్మిది. మొదటి వయొలిన్లు తన చేతులు చూసుకుంటాయి. మిగిలిన ఎనిమిది జట్ల హెచ్చుతగ్గులు ఎవరు చూస్తారు? ఇంటికెళ్ళి పిన్ని కొడుకు పంపిన పెట్టెలు వెతికింది. పాత తమిళ పేపర్లో చుట్టి, ఆమె ఎన్నడూ విప్పని చిన్న పలక ఒకటి బయటపడింది. దాని మీద వరసగా జారుడు మీటలు. ఒక్కో మీట పైకి జరిపితే ఒక్కో జట్టు గొంతు పెంచుతుంది, కిందికి జరిపితే తగ్గిస్తుంది. కీబోర్డు మీది చక్రం చేసే పనే. మీటలు ఎన్నో లెక్కపెట్టి డోరా మంచం మీద కూర్చుండిపోయింది. సరిగ్గా ఎనిమిది. టీచరు బృందంలో మిగిలిన ఆడవాళ్ళూ ఎనిమిది మందే.

ఆదివారం ఆరాధన అవగానే ఆ ఎనిమిది మందినీ వెనక గదిలోకి పిలిచి తలుపేసి, డోరా జరిగిందంతా చెప్పింది. ముందు నవ్వారు. తరువాత ఇరవై రెండు ప్రతుల సంగతి విని నవ్వడం మానేశారు. వాళ్ళలో పెద్దది మేబెల్, రిటైరైన నర్సు. ఆవిడ గొంతు లేస్తే మెట్టుగూడ బస్టాపులో మనుషులు తిరిగి చూస్తారు. చీరకొంగు దోపుకుని, తన మీట ఏదో చూపించమంది.

కష్టం సంగీతంలో రాలేదు, చోటులో వచ్చింది. ఆ పలక మూరెడు పొడుగుంది. ఎనిమిది మంది దాని చుట్టూ చేరేసరికి ఒకే కుళాయి దగ్గర ఎనిమిది బిందెలు పెట్టినట్టయింది. మోచేతులు తగిలి బాకాలు గర్జించాయి. ఎవరిదో గాజు మీటలో ఇరుక్కుని డ్రమ్ము ఎంతకీ ఆగలేదు. చివరకు నలుగురు ముందు కూర్చున్నారు, నలుగురు వెనక నిలబడి వాళ్ళ భుజాల మీదుగా చేతులు చాచారు. గాజులన్నీ తీసి ఒక సంచిలో వేశారు. ఆ తరువాత డోరా ఊహించనిది జరిగింది. వాళ్ళెవరికీ కంప్యూటరు తెలియదు గానీ, ముప్పై ఏళ్ళుగా టీచరు ఎడమచెయ్యి ఎటు కదిలితే గొంతు అటు తిప్పినవాళ్ళు. డోరా నోటితో పాడుతూ చెయ్యి ఊపితే మీటలు వాటంతటవే లేచాయి, దిగాయి. బాకాల దగ్గర డోరా ఆ కామా సంగతి చెప్పింది. మేబెల్ మీటను గబుక్కున కిందికి లాగి, తనూ ఒకసారి ఊపిరి పీల్చి, మళ్ళీ పైకి తోసింది. కంప్యూటర్లోని బాకా మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది.

అదే సమయంలో జకర్యా నలభై రెండు పూలదండలతో బస్సెక్కి బేగంపేట బయలుదేరారు. డోరా గేటు దాకా పరిగెత్తి అద్దం మీద కొట్టింది. ఆయన లోపలినుంచి చెయ్యి ఊపి, ఏం తక్లీఫ్ లేదన్నట్టు సైగ చేశారు.

సాయంత్రం ఐదున్నరకు చర్చి కిటకిటలాడింది. బ్యానరు చూసి పక్క సంఘాలవాళ్ళు వచ్చారు, క్వార్టర్లలోని హిందువులు వచ్చారు, ఎన్నడూ రాని కుర్రకారూ దొరలను చూడడానికి వచ్చారు. తెల్లచీర గంజి పెట్టి కట్టుకున్న టీచరు, చంకలో కాగితాల కట్ట, చేతిలో అల్లిక సూదితో వేదిక ఎక్కారు. నలభై రెండు ఖాళీ కుర్చీలు. వాటి ముందు ఒక బల్ల, కంప్యూటరు, దాని రెండు పక్కలా పెద్ద స్పీకర్లు, బోసిచేతులతో ఎనిమిది మంది ఆడవాళ్ళు. సరిగ్గా అప్పుడే జకర్యా వెనక తలుపులోంచి వచ్చి, విమానం వచ్చింది గానీ అందులోంచి అలాంటివాళ్ళెవరూ దిగలేదని అందరికీ వినబడేంత గుసగుసగా పాస్టరుగారికి చెప్పారు. దండలన్నీ ఆయన చేతుల మీదే ఉన్నాయి.

డోరా లేచి నిలబడింది.

"వాళ్ళు రారు టీచర్. ఎప్పుడూ వస్తామనలేదు. వాళ్ళ చప్పుడు మాత్రమే నా దగ్గర ఉంది, ఈ కంప్యూటర్లో. నిన్న మీ ఇంటికి చెప్పడానికే వచ్చాను. మీ చేతులు చూసి చెప్పలేకపోయాను."

టీచరు కళ్ళజోడు తీశారు. తుడవడం మొదలుపెట్టారు. బృందంలో ఎనిమిది మందీ ఒకేసారి తలలు దించుకున్నారు. చాలాసేపు తుడిచి, పెట్టుకుని, ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి మీటలు చూశారు.

"నేను ఆపితే ఇది ఆగుతుందా?"

"తాళం నా కాలి కింద ఉంది టీచర్. నా కాలు మీ సూదిని చూస్తుంది."

"తగ్గించమంటే తగ్గుతుందా?"

"బాకాలు మేబెల్ ఆంటీ చేతిలో ఉన్నాయి. ఆంటీ తగ్గిస్తే తగ్గుతాయి."

"మేబెల్ ముప్పై ఏళ్ళలో తగ్గించలేదు," అన్నారు టీచరు.

ముందు నవ్వింది మేబెలే. హాలంతా ఆమె వెనక నవ్వింది. టీచరు మాత్రం నవ్వలేదు. కట్ట విప్పి, పరీక్ష కాగితాలు పంచినట్టు, ఎవరి భాగం వాళ్ళ ముందు ఒక్కొక్క ప్రతీ పెట్టుకుంటూ వెళ్ళారు. మిగిలిన ప్రతులు వెనకనున్న ఖాళీ కుర్చీల మీద పెట్టించారు. తరువాత వేదిక మధ్యకు వచ్చి సూది ఎత్తారు.

పాట సెల్లోలతో, అంటే మందర స్వరపు పెద్ద వయొలిన్లతో, మొదలైంది. వినబడీ వినబడనట్టు, ఎక్కడో నేల అడుగునుంచి. సూది రెండో దెబ్బకు డోరా కాలు దానంతటదే కుదురుకుంది. టీచరు ఎడమ అరచెయ్యి కొంచెం పైకెత్తగానే వెనకనుంచి నాలుగు చేతులు కదిలాయి, వయొలిన్లు ఒకదాని మీద ఒకటి లేచాయి. డోరా కుడిచేత్తో పై స్వరం పట్టుకుని, ఎడమ బొటనవేలితో చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున తోసింది. నలభై ఏళ్ళుగా ఒక్క తలలో మోగిన పాట ఇప్పుడు కిటికీ అద్దాలను కదిలిస్తోంది. టీచరు మొహంలో మార్పేమీ లేదు. ఆవిడకు ఇది కొత్త కాదు. చెవులతో వినడమే కొత్త.

మూడో చరణం చివర ఒక దీర్ఘస్వరం ఉంది. అక్కడ టీచరు సూదిని పైన ఆపేశారు. డోరా కాలు గాలిలో నిలిచిపోయింది. నాలుగు లెక్కలు, ఎనిమిది, పన్నెండు. టీచరు దించలేదు. ఆవిడ కావాలనే పరీక్షిస్తున్నారని డోరాకు అర్థమైంది. పిక్క పట్టేసింది, మడమ వణికింది, కానీ పెడల్‌ను తాకలేదు. టీచరు ఎడమచెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఒక్కొక్క మీటా దిగింది. అందరికంటే ఆఖరున, ఉగ్గబట్టుకున్న ఊపిరితో, మేబెల్ బాకాలను సన్నని గుసగుసకు తెచ్చి అక్కడే నిలిపింది. రోడ్డు మీద వెళుతున్న ఆటో చప్పుడు ఆ స్వరం మధ్యలోంచి స్పష్టంగా వినిపించింది. అప్పుడు సూది కిందికి పడింది. కాలూ పడింది, ఎనిమిది మీటలూ ఒక్కసారి పైకి పోయాయి, పాట చివరి పల్లవి హాలు మీద విరుచుకుపడింది.

పాట ఆగింది. ముందు లేచి నిలబడింది వెనక బెంచీల్లోని కుర్రకారు. తరువాత అందరూ. చప్పట్లు ఎంతకీ ఆగకపోతే టీచరు సూదితో బల్ల మీద రెండుసార్లు కొట్టారు.

"ఫ్లూట్లు రెండుచోట్ల అరమాత్ర ఆలస్యం. మళ్ళీ మొదటినుంచి."

అలా ఆ సాయంత్రం మెట్టుగూడ జనం ఆ పాటను మూడుసార్లు విన్నారు. మూడోసారికి ఖాళీ కుర్చీల్లో కుర్రవాళ్ళు పదిహేను మంది చేరి, తమ ముందున్న ప్రతుల్లో వేళ్ళు పెట్టి వెతుక్కుంటూ నోటితో కలిపారు. టీచరు వాళ్ళను వెళ్ళగొట్టలేదు. ఒకడి వేలు తప్పుగా ఉంటే సరైన వరసలోకి జరిపారు కూడా.

చేతుల మీది నలభై రెండు దండలతో ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డ జకర్యాకు అప్పటికి దారి దొరికింది. ఎనిమిది మందికి ఐదేసి వేసి, మిగిలిన రెండూ డోరాకూ టీచరుకూ వేశారు. దండలో మునిగిపోయి మీటలు కనబడక మేబెల్ పొరపాటున డ్రమ్ము మోగించింది. డోరా ఆయనను క్షమించమని అడగబోయింది. ఆయన అడ్డుకున్నారు.

"బండి రాకపోతే ఏమాయె. ప్లాట్‌ఫారం నిండింది గదా," అన్నారు.

దొరల కోసం వండిన కారం లేని ఆనపకాయ కూర మూడు వందల మందికి సరిపోదని వరహాలబాబు గుండె చేతపట్టుకున్నాడు. కానీ చప్పిడి కూర రుచి చూసినవాళ్ళు రెండోసారి అడగకపోవడంతో అది అందరికీ సరిపోయి కాస్త మిగిలింది. తన వంట ఇంత లెక్కగా ఎన్నడూ కుదరలేదని అతను రిచర్డ్‌తో చెప్పుకున్నాడు.

భోజనాల మధ్యలో పాస్టరుగారికి శాలువా గుర్తొచ్చింది. తెచ్చి కప్పబోతే టీచరు తీసుకుని మడతపెట్టి, కంప్యూటరు మీద దుమ్ము పడకుండా కప్పారు. శనివారం ఐదింటికి ప్రాక్టీసని, కుర్రవాళ్ళు పదిహేను మందీ సమయానికి రావాలని, సీడీల సంగతి కమిటీ తరువాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చని చెప్పి, తన సూది తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు జకర్యా చర్చి మినిట్సు పుస్తకంలో, స్టేషన్ మాస్టరు గుండ్రటి దస్తూరీతో ఇలా రాశారు: జ్ఞానమణి టీచరుగారి పదవీ విరమణ సభ దిగ్విజయంగా జరిగింది, తత్ఫలితంగా పదవీ విరమణ రద్దయింది.